కెమెరా చూపించనిది: ‘జిజెల్’ బ్యాలేను ముందు తెర మీద, తర్వాత రంగస్థలం మీద ఎలా చూడాలి

బ్యాలే చూడటం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నేను ఇచ్చే సలహా ఒకటే. ‘జిజెల్’తో మొదలుపెట్టండి, దాని రికార్డింగు ఒకటి ఎంచుకుని కనీసం మూడుసార్లు చూడండి, ఆ తర్వాత టికెట్టు కొని రంగస్థలం మీద చూడండి, ఇంటికి వచ్చాక అదే రికార్డింగును నాలుగోసారి చూడండి. ఈ వరుసను నాకు ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి తెర మీదే బ్యాలే చూసి, దాని గురించి చాలా తెలుసనుకుని, తీరా థియేటరులో కూర్చున్న మొదటి రాత్రి ఎటు చూడాలో తెలియక తికమకపడ్డాక, నా పొరపాట్ల నుంచే దీన్ని తయారుచేసుకున్నాను. రికార్డింగులో మనం ఎటు చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది, థియేటరులో ఆ పని మనదే. అన్నేళ్లు ఇంకొకరి కన్నుతో చూసినవారికి సొంత కన్ను ఎటు తిప్పాలో ఒక్క రాత్రిలో పట్టుబడదు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ కన్నును అలవాటు చేసుకోవడానికే.

‘జిజెల్’నే ఎందుకంటే, అది చిన్నది, కథ సూటిగా సాగుతుంది, ఉన్నవి రెండే అంకాలు. విరామం కలుపుకున్నా సుమారు రెండు గంటల్లో పూర్తవుతుంది. 1841 జూన్ 28న పారిస్ ఒపేరాలో దాన్ని తొలిసారి ప్రదర్శించారు. సంగీతం అడోల్ఫ్ ఆడమ్‌ది, నృత్యరచన జాన్ కొరల్లీ, జూల్ పెరోలది, మొదటి నాయిక కార్లొట్టా గ్రీసీ. ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మరియస్ పెతిపా దాన్ని సవరించి నిలబెట్టాడు. ఈనాడు మనం చూసే ‘జిజెల్’ చాలావరకు ఆయన చేతుల మీదుగా వచ్చినదే. కథ ఆలోచన తెయోఫిల్ గోతియే అనే ఫ్రెంచి కవిది. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడుంది: పుదుచ్చేరి దగ్గరి ఒక ఊరి దేవదాసీలు 1838లో పారిస్ వెళ్లి నాట్యం చేసినప్పుడు గోతియే వారిని చూసి, ముగ్ధుడై రాశాడు. మూడేళ్ల తర్వాత వచ్చిన ‘జిజెల్’ మూలప్రతిలో, రెండో అంకంలోని ప్రేతకన్యలలో జుల్మే అనే ఒకతె భారతీయ నర్తకిగా ఉండేది. ఆ భారతీయత కాలక్రమంలో రాలిపోయింది. పేరు మాత్రం మిగిలింది, ఇప్పటికీ ఆ పాత్రను జుల్మే అనే పిలుస్తారు.

మొదట కథను కంఠస్థం చేసుకోండి

బ్యాలేలో మాట ఉండదు, పాట ఉండదు. కూచిపూడిలో సత్యభామ తానెవరో ప్రవేశదరువులో తానే చెప్పుకుంటుంది. అర్థం కానిది ఏమైనా ఉంటే సూత్రధారుడు మాధవి రూపంలో అడిగి రాబడతాడు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. కాబట్టి కథ తెలియకుండా చూస్తే ఏమవుతుందో అన్న ఉత్కంఠ మిగులుతుందని ఆశపడవద్దు, మిగిలేది అయోమయమే. రామాయణం తెలిసి రాముడి నాటకానికి వెళ్లినట్టు వెళ్లాలి.

కథ ఇదీ. రైన్ నది ప్రాంతపు పల్లెలో, ద్రాక్షపంట కోతల వేళ, గుండె బలహీనమైన జిజెల్ అనే పిల్ల ఉంటుంది. ఆమెకు నాట్యమంటే ప్రాణం. ఆల్బ్రెక్ట్ అనే ప్రభువు పల్లెటూరి యువకుడి వేషంలో వచ్చి ఆమెను ప్రేమలో దించుతాడు. అతనికి అప్పటికే బతిల్డ్ అనే రాకుమారితో పెళ్లి కుదిరి ఉంది. జిజెల్‌ను ప్రేమించే అడవి కాపరి హిలారియన్ అతని కత్తిని పట్టుకుని, దాని మీది రాజచిహ్నం ద్వారా గుట్టు రట్టు చేస్తాడు. జిజెల్‌కు మతి చలిస్తుంది, చనిపోతుంది. రెండో అంకం అడవిలో, ఆమె సమాధి దగ్గర. పెళ్లికి ముందే మోసపోయి చనిపోయిన కన్యలు విలీలు అనే ప్రేతాలై, రాణి మిర్తా ఆజ్ఞ మీద, రాత్రిపూట చిక్కిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తారు. హిలారియన్ అలాగే పోతాడు. ఆల్బ్రెక్ట్‌ను మాత్రం జిజెల్ తెల్లవారే గంట మోగేదాకా కాపాడి, తిరిగి సమాధిలోకి వెళ్లిపోతుంది.

దీనికి తోడు ఆరు సైగలు నేర్చుకోండి. మన హస్తముద్రల సంపదతో పోలిస్తే ఇవి పిడికెడే, ఒక సాయంత్రం చాలు. రెండు చేతులూ తల పైకెత్తి ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యం. గుండె మీద చేతులు పెట్టుకుంటే ప్రేమ. రెండు వేళ్లు ఆకాశానికి ఎత్తితే ఒట్టు. ఎడమచేతి ఉంగరపు వేలు చూపిస్తే పెళ్లి. ముఖం చుట్టూ చేతిని తిప్పితే అందం. మణికట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, పిడికిళ్లు కిందికి దించితే చావు. మొదటి అంకంలో జిజెల్ తల్లి, నువ్వు ఇలాగే ఆడుతూ పోతే చచ్చి విలీవి అవుతావని హెచ్చరించే ఘట్టం ఉంటుంది. ఈ సైగలు తెలిస్తే అది ఒక పూర్తి వాక్యంలా చదవగలుగుతారు. కొన్ని బృందాలు ఆ ఘట్టాన్ని బాగా కుదిస్తాయి. అలా కుదించడం నాకు నచ్చదు. రెండో అంకానికి పునాది అక్కడే పడుతుంది.

రికార్డింగును ఎంచుకోండి

ముక్కలతో మొదలుపెట్టకండి. ‘స్వాన్ లేక్’ అనే మరో బ్యాలేలో నల్లహంస ఒంటికాలి మీద వరసగా ముప్పై రెండు చుట్లు తిరిగే ఘట్టం అంతర్జాలంలో లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. 1895 నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రదర్శనలో పియెరీనా లెన్యానీ చేసినప్పటి నుంచి అది ఆ పాత్రకు పరీక్షగా మారింది. కానీ ఆ ముక్క ఒక్కటే చూస్తే అది సర్కస్ విద్యలా ఉంటుంది. ఒక యువకుణ్ణి మభ్యపెట్టి, అతను చేసిన ఒట్టును తప్పించే క్షణానికి ముందు వచ్చే విజయగర్వం అది అన్న సంగతి దాని ముందున్న నలభై నిమిషాలు చూసినవారికే తెలుస్తుంది.

మొదటి రికార్డింగుగా, ఒక పెద్ద బృందం ప్రేక్షకుల ఎదుట ఆడుతుండగా తీసిన పూర్తి ప్రదర్శనను తీసుకోండి. లండన్ రాయల్ బ్యాలే వారి పీటర్ రైట్ నిర్మాణం, 1985లో మొదలైనది, తొలి చూపుకు నాకు అన్నిటికన్నా అనువుగా తోస్తుంది. అందులో తల్లి చెప్పే సైగల కథ నిండుగా ఉంటుంది. అందులో జిజెల్ కత్తితో తనను తాను పొడుచుకుంటుంది. ఎక్కువ నిర్మాణాలలో ఆమె గుండె ఆగి పోతుంది. ఇది చిన్న తేడా కాదు. ఆత్మహత్య చేసుకున్నవారిని ఆ కాలపు క్రైస్తవ సమాజం చర్చి నేలలో పాతిపెట్టనిచ్చేది కాదు, అందుకే ఆమె సమాధి ఒంటరిగా అడవిలో ఉంది అన్నది ఆ నిర్మాణం వెనుక తర్కం. మీరు ఏ రికార్డింగు తీసుకున్నా, ఆమె ఎలా చనిపోయిందో గుర్తుపెట్టుకోండి, రెండో అంకంలో ఆల్బ్రెక్ట్ పశ్చాత్తాపం బరువు దాన్నిబట్టే మారుతుంది.

పాత చిత్రాలను మొదటే ముట్టుకోకండి. 1956లో మాస్కో బొల్షోయ్ బృందం తొలిసారి లండన్ వచ్చినప్పుడు గలీనా ఉలానోవా జిజెల్‌గా ఆడింది, దాన్ని చిత్రీకరించారు కూడా. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్లు. పదహారేళ్ల పల్లెపిల్లగా ఆమెను దగ్గరి నుంచి చూపించినప్పుడు కొత్తవారు ముఖం మీది ముడతలే చూస్తారు. అనేక రికార్డింగులు చూశాక వెళ్తే, ఆ ముడతలు ఉండగానే వయసు ఎటు పోయిందో అర్థం కాక కూర్చుంటారు. అది చివరికి దాచుకోవలసిన భోజనం.

తెరను, చప్పుడును సరిచేసుకోండి

ఫోనులో చూడవద్దు. రెండో అంకంలో ఇరవై మందికి పైగా నర్తకులు ఒక్కసారిగా వేదిక మీద ఉంటారు, ఫోను తెర మీద వారు బియ్యపు గింజలంత అవుతారు. టీవీలో చూస్తే, కదలికను నున్నగా చేసే అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయండి. అది చిత్రానికీ చిత్రానికీ నడుమ లేని చిత్రాలను కల్పించి చొప్పిస్తుంది. వేగంగా కదిలే పాదాల అంచులు అలుక్కుపోతాయి.

ఇంకొకటి, నా తలకు చుట్టుకున్నది. ఒక కొత్త రికార్డింగు చూస్తూ, మొదటి అంకం మొత్తం నాయిక తాళం తప్పుతోందని గొణుక్కున్నాను. పాదం నేల మీదికి వచ్చాక, కంటికి కనిపించేంత ఆలస్యంగా సంగీతం దెబ్బ వినబడుతోంది. పక్కన కూర్చున్న మా అబ్బాయికి కూడా నమ్మకంగా చెప్పాను, ఈవిడ పెద్ద పేరున్న నర్తకే గానీ లయ లేదని. విరామంలో వాడు లేచి వెళ్లి బ్లూటూత్ స్పీకరు ఆపేసి టీవీ సొంత స్పీకరు పెట్టాడు. తప్పు తాళంలో లేదు, గాలిలో వచ్చే ఆ స్పీకరులో ఉంది. ఆమెకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. మీరు తీగతో కలిపిన స్పీకరు గానీ, హెడ్‌ఫోను గానీ వాడండి.

మూడు చూపులు

మొదటి చూపు: ఆపకుండా, వెనక్కి తిప్పకుండా చూడండి. విసుగు పుట్టిన చోటు మాత్రం గుర్తుపెట్టుకోండి. మొదటి అంకం మధ్యలో కథతో సంబంధం లేని పల్లె జంట నాట్యం ఒకటి వస్తుంది. దాని సంగీతం కూడా ఆడమ్‌ది కాదు, ఫ్రీడ్రిష్ బుర్గ్‌ముల్లర్ అనే మరొకరిది. చాలామందికి అక్కడే ఆవలింత వస్తుంది. అందులో మీ తప్పేమీ లేదు.

రెండో చూపు: ఈసారి ఒక వస్తువును వెంబడించండి. నేను ఎప్పుడూ చెప్పేది డైసీ పువ్వును. మొదటి అంకంలో ఆల్బ్రెక్ట్ రెండు వేళ్లు ఎత్తి ఒట్టు వేయబోతాడు, జిజెల్ భయపడి ఆపుతుంది. ఒట్టు బదులు పువ్వు కోస్తుంది. బల్ల మీద కూర్చుని, ప్రేమిస్తాడు, ప్రేమించడు అనుకుంటూ ఒక్కొక్క రేకే తుంచుతుంది. కొంచెం మిగలగానే ఆగి, మిగిలిన రేకులు కళ్లతో లెక్కపెడుతుంది. లెక్క ‘ప్రేమించడు’ దగ్గర ముగుస్తుందని తెలిసి పువ్వు పారేసి దూరంగా వెళ్తుంది. ఆల్బ్రెక్ట్ ఆ పువ్వు తీసుకుంటాడు. ఆమె చూడకుండా ఒక రేకు తెంపి పడేస్తాడు. తర్వాత నవ్వుతూ తీసుకొచ్చి, చూడు, ‘ప్రేమిస్తాడు’ అనే వస్తోంది అని లెక్కపెట్టి చూపిస్తాడు. ఆ ఒక్క రేకులో అతని స్వభావమంతా ఉంది: చెడ్డవాడని అనలేం, ఆ క్షణానికి ఆమె నవ్వితే చాలనుకునేవాడు, దానికోసం లెక్క తారుమారు చేయడానికి వెనుకాడనివాడు. ఇక్కడ దగ్గరి నుంచి చూపించే కెమెరాకు కృతజ్ఞత చెప్పాలి. థియేటరులో పై అంతస్తు నుంచి ఆ రేకు కనిపించదు. అతని మణికట్టు చిన్నగా విదిలించడం కనిపిస్తే గొప్ప.

ఆ ఘట్టపు సంగీతాన్ని ఈల వేయగలిగేంతగా చెవిలో వేసుకోండి. వంట చేస్తూనో, బస్సులోనో సంగీతాన్ని మాత్రమే వినడం దీనికి మంచి దారి. ఎందుకంటే, మతి చలించిన ఘట్టంలో, జుట్టు విరబోసుకుని, ఎదురుగా ఉన్నవారిని చూడకుండా, జిజెల్ చేతిలో లేని పువ్వు రేకులు తుంచుతున్నప్పుడు వాద్యబృందం అదే బాణీని విరిచి, ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుంది. అది గుర్తుపట్టినవారికి ఆమె ఏం చేస్తోందో ఎవరూ చెప్పనక్కరలేదు. గుర్తుపట్టనివారికి ఆమె గాలిలో వేళ్లు కదుపుతున్నట్టుంటుంది.

మూడో చూపు కష్టమైనది. కెమెరా చూపిస్తున్నదాన్ని వదిలి, అది చూపించనిదాన్ని ఊహించండి. మతి చలించిన ఘట్టంలో తెర నిండా జిజెల్ ముఖమే ఉంటుంది. మరి తల్లి ఎక్కడుంది? బతిల్డ్ ఏం చేస్తోంది? తన గెలుపు ఇలా పరిణమించడం చూసి హిలారియన్ ఏ మూల నిలబడ్డాడు? కెమెరా వెనక్కి జరిగిన ప్రతిసారీ ఆ ముగ్గురినీ వెతకండి, ఒక కాగితం మీద వేదికను చతురస్రంగా గీసి వారి చోటులు చుక్కలుగా పెట్టండి. ఇల్లు ఏ వైపు, రెండో అంకంలో సమాధి ఏ వైపు అన్నది కూడా అందులో గీయండి. పిల్లచేష్టలా అనిపించినా సరే, ఆ కాగితం టికెట్టు కొనేటప్పుడు అవసరమవుతుంది.

రెండో అంకంలో కెమెరా మీద నాకున్న ఫిర్యాదులు రెండు. మిర్తా తొలి ప్రవేశంలో, మునివేళ్ల మీద నిలబడి అతి చిన్న అడుగులతో వేదికను దాటుతుంది. గౌను అంచు కింద అడుగులు పడుతున్నాయో లేదో తెలియకుండా, మంచు మీద పొగలా జారిపోవాలి. చాలా రికార్డింగులు సరిగ్గా అప్పుడే ఆమె పాదాలను దగ్గరగా చూపిస్తాయి. గారడీవాడి సంచిని లోపలి నుంచి చూపించినట్టే ఇది. రెండోది విలీలు రెండు పక్షాలుగా ఎదురెదురుగా వచ్చే ఘట్టం. ప్రతి నర్తకీ ఒక కాలు వెనక్కి చాచి, అరబెస్క్ అనే భంగిమలో, రెండో కాలి మీద చిన్నగా గెంతుతూ ముందుకు వస్తుంది. రెండు వరుసలూ ఒకదానిలోంచి ఒకటి, దువ్వెన పళ్లు కలిసినట్టు దాటిపోతాయి. అక్కడ ఒక నర్తకి ముఖం చూపించడానికి కెమెరా దగ్గరికి వెళ్లిందంటే ఆ ఘట్టం మొత్తం పోయినట్టే. మీ రికార్డింగు అలా చేస్తే విచారించకండి, థియేటరుకు వెళ్లడానికి అదే మొదటి కారణం.

రిహార్సల్ కూడా చూడండి

2014 నుంచి ఏటా ప్రపంచ బ్యాలే దినం పేరుతో రాయల్ బ్యాలే, ఆస్ట్రేలియన్ బ్యాలే వంటి బృందాలు తమ ఉదయపు తరగతిని, రిహార్సళ్లను ఉచితంగా ప్రసారం చేస్తున్నాయి. తరగతిలో ఒక గంట కూర్చోండి. మోకాళ్లు వంచి పాదాలు పక్కలకు తిప్పి నిలబడే వారి తొలి అభ్యాసం చూసిన మన పిల్లలు వెంటనే అరమండి అంటారు. పోలిక నిజమే గానీ, ఉద్దేశం వేరు. మన నర్తకి ఆ కూర్చున్న స్థితిలోనే ఉండి నేలను కొడుతుంది. వారికి అది పైకి ఎగరడానికి తీసుకునే ఊపిరి. నేలను దాచిపెట్టడమే వారి ప్రయత్నమంతా. ఇది తెలిశాక రెండో అంకం ఎందుకు అంత కష్టమో అర్థమవుతుంది: దిగేటప్పుడు చప్పుడు రాకూడదు, ప్రేతానికి బరువు ఉండదు కాబట్టి.

టికెట్టు కొనండి

మన ఊళ్లలో పూర్తి వాద్యబృందంతో ‘జిజెల్’ రావడం అరుదు కాబట్టి, చాలామందికి ఇది విదేశంలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లినప్పుడే కుదురుతుంది. వెళ్లే ఊరిలోని బృందపు కార్యక్రమాలు ముందే చూసుకోండి. న్యూయార్క్‌లో అమెరికన్ బ్యాలే థియేటర్ వేసవి ప్రదర్శనలు లింకన్ సెంటర్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో జరుగుతాయి, లండన్‌లో రాయల్ బ్యాలే కోవెంట్ గార్డెన్‌లో ఆడుతుంది. ఒకే వారంలో ఒకే బ్యాలేను వేరువేరు జంటలు ఆడతాయి. ఎవరు ఏ రోజు ఆడతారో ముందే ప్రకటిస్తారు. మొదటిసారికి పేరు కన్నా సీటు ముఖ్యం.

రవీంద్రభారతిలో కూచిపూడి చూడటానికి ముందు వరుస కోసం పోటీపడే అలవాటు మనది, అభినయం ముఖంలో ఉంటుంది కాబట్టి. బ్యాలేకు ఆ లెక్క పనికిరాదు. ముందు వరుసలో కూర్చుంటే మొదటి వరుస నర్తకులు వెనుక వరుసలను కప్పేస్తారు, పాదాలు కొంత కనిపించవు, విలీల రెండు వరుసలు కలిసే అందం ఒక గుంపుగా మారిపోతుంది. మధ్యకు దగ్గరగా, పై అంతస్తులో కూర్చోండి. ధర కూడా తక్కువ. ‘జిజెల్’ రెండో అంకం పై నుంచి చూడటానికే పుట్టింది.

పక్క సీట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. నేను మొదటిసారి వెళ్లింది మా చెల్లెలు ఉండే ఊళ్లోని ఒక పాత థియేటరుకు. సీటు చవకగా దొరికిందని, దాని పక్కన చిన్న అక్షరాలలో వేదిక కొంత కనిపించదని రాసి ఉన్నా, కొంతే కదా అని కొన్నాను. ఎడమ పక్క చివర, గుర్రపునాడా ఆకారపు పై వరుస. మొదటి అంకం బాగానే గడిచింది. తెర రెండోసారి లేచేసరికి సమాధి ఎడమ పక్కన ఉంది, అంటే సరిగ్గా నా కింద. జిజెల్ అందులోంచి లేవడం నేను చూడలేదు. ఆఖరున ఆమె అందులోకి వెళ్లిపోతున్నప్పుడు నాకు కనిపించింది చాచిన ఆల్బ్రెక్ట్ చెయ్యి ఒక్కటే, మోచేతి దాకా. పక్కనున్న పెద్దావిడ ముందుకు వంగి చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. నేను కటకటాల సందులోంచి ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి ఏం చేయాలి

అరగంట ముందే వెళ్లండి; ఆలస్యమైతే విరామం దాకానో, మధ్యలో అనువైన చోటు దాకానో లోపలికి పంపరు. దుస్తుల గురించి కంగారు వద్దు, శుభ్రంగా ఉంటే చాలు, పట్టుచీరకూ అభ్యంతరం లేదు. చిన్న దుర్భిణి తీసుకెళ్లండి, అయితే పక్షులను చూసే శక్తిమంతమైనది వద్దు, మూడు నాలుగు రెట్లు చూపించేది చాలు. దాన్ని తల్లి సైగల కథకు, డైసీ పువ్వుకు, మతి చలించిన ఘట్టంలో ఒకటి రెండు సార్లకు మాత్రమే ఎత్తండి. రెండో అంకంలో సంచిలో పెట్టేయండి. లేకపోతే రికార్డింగులో కెమెరా చేసిన తప్పును మీ చేత్తో మీరే చేసినవారవుతారు.

ఇక కన్ను సంగతి. వెనక్కి తిప్పే మీట ఇక్కడ లేదు, ఒకదాన్ని చూస్తే ఇంకొకటి పోతుంది. అందుకని ఒక్కొక్క ఘట్టానికి ముందే ఒక నిర్ణయంతో ఉండండి. నా పంపకం ఇలా ఉంటుంది: జంట నాట్యం మొదట్లో ఇద్దరినీ; మతి చలించిన ఘట్టంలో సగం సేపు జిజెల్‌ను, సగం సేపు బతిల్డ్‌ను; విలీల ఘట్టంలో ఎవరినీ కాదు, నేలను. నేలను చూస్తే వరుసల ఆకారం దానంతటదే కనిపిస్తుంది.

చెవికి కూడా పని చెప్పండి. రికార్డింగులో వాద్యాల చప్పుడే ఎక్కువ వినిపించేలా సర్దుతారు. థియేటరులో ఇరవై నాలుగు జతల మునివేళ్ల చెప్పులు నేలకు తగిలే చప్పుడు వినిపిస్తుంది, రేకుల కప్పు మీద తొలి చినుకులు పడ్డట్టు. ఆ చెప్పుల ముందుభాగం గుడ్డ, కాగితం, జిగురు పొరలతో గట్టిపరిచినది, అందుకే ఆ టకటక. మొదట నాకు నిరాశ కలిగింది, ప్రేతాలకు కాళ్ల చప్పుడేమిటని. కాసేపటికి నాయిక మాత్రం చప్పుడు లేకుండా దిగుతోందని గమనించాను, ఆమె గొప్పతనం కంటితో కాక చెవితో తెలిసింది. ఆఖరి భాగంలో ఆల్బ్రెక్ట్ ఆయాసం కూడా వినిపించవచ్చు. కథ ప్రకారం అతను అలసటతో చావాలి. నటనకూ నిజానికీ దూరం అక్కడ చాలా తగ్గిపోతుంది.

అదే చోట మరొకటి చూడండి. మిర్తా ఆజ్ఞకు లొంగి ఆల్బ్రెక్ట్ ఆడే ఘట్టంలో కొందరు నర్తకులు ఉన్నచోటనే నిలువుగా మళ్లీ మళ్లీ ఎగురుతూ గాలిలో పాదాలను అటూ ఇటూ కత్తెరలా వేస్తారు. మరికొందరు వేదికకు అడ్డంగా, మూల నుంచి మూలకు, మిర్తా వైపు లాగబడుతున్నట్టు ఎగురుతూ వెళ్తారు. మీరు రికార్డింగులో ఒకటి చూసి ఉంటారు, ఆ రాత్రి రెండోది రావచ్చు. మొదటిది శిక్షలా ఉంటుంది, రెండోది వేడుకోలులా. నా మొగ్గు రెండోదానికి, చప్పట్లు మాత్రం మొదటిదానికే ఎక్కువ.

చప్పట్ల విషయానికి వస్తే, ప్రసిద్ధ నాయిక ప్రవేశించగానే, ఒక్కొక్క ఒంటరి నాట్యం ముగియగానే కొట్టడం మామూలే. విలీల వరుసలు దాటుతుండగానే జనం కొడతారు; మీకు తోచకపోతే ఊరుకోండి. తెర పడ్డాక మాత్రం లేచి పరుగెత్తవద్దు, నమస్కారాలు కూడా ప్రదర్శనలో భాగమే. జిజెల్‌గా ఆడిన ఆవిడ ముఖంలోంచి ప్రేతం దిగిపోవడానికి రెండు మూడు నమస్కారాలు పట్టడం చూశాను.

మళ్లీ రికార్డింగు దగ్గరికి

ఇంటికి చేరాక, ఎవరి సమీక్షా చదవకముందే, పది వాక్యాలు రాసుకోండి. బాగుంది, అద్భుతం వంటి మాటలు వద్దు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ చోట మీ కన్ను ఎటు పోయింది, ఏం తప్పిపోయింది అన్నవి రాయండి. వారం తర్వాత అదే పాత రికార్డింగును పెట్టుకోండి. ఈసారి కెమెరా దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, దాని అంచుల అవతల ఏముందో మీకు తెలుసు. ముఖాలు మీరు పై అంతస్తు నుంచి చూడలేకపోయినవి. అవి ఇక్కడ దొరుకుతాయి. ఏది ఎక్కువ అన్న వాదన అప్పుడు నిజంగా అనవసరమనిపిస్తుంది.

ఆ తర్వాత కావాలంటే అక్రమ్ ఖాన్ నిర్మాణానికి వెళ్లండి. కథక్ నేర్చిన ఈ బంగ్లాదేశ్ మూలాల లండన్ కళాకారుడు 2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే కోసం చేసిన ‘జిజెల్’లో పల్లెవాసులు మూతపడిన బట్టల మిల్లు వలసకూలీలు. అక్కడ నేలను దాచరు, కొడతారు. పాత ‘జిజెల్’ బాగా తెలిసినవారికే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది, అందుకే దీన్ని ముందు చూడమనలేదు.

రెండోసారి టికెట్టు కొనే ముందు, మూడో చూపులో చతురస్రం గీసుకున్న కాగితాన్ని తీయండి. మీరు వెళ్లే బృందపు నిర్మాణంలో సమాధి ఏ పక్కన ఉందో వారి రికార్డింగులోనో, ఫొటోలలోనో సరిచూసుకోండి. మధ్య సీట్లు దొరక్కపోతే, సమాధి ఎడమన ఉన్నప్పుడు కుడి పక్క కొనండి, కుడిన ఉన్నప్పుడు ఎడమ పక్క.